బ్యాచ్ గ్రూపు రెండు ముక్కలైంది, మళ్లీ ఒక చోట కూర్చోబెట్టడం ఎలా?

పాతబడి_అడ్మిన్

నమస్కారం అండి. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 186 మంది, అడ్మిన్లం ముగ్గురం. సుమారు మూడో వంతు ఆంధ్రలో, మూడో వంతు హైదరాబాదు చుట్టుపక్కల, మిగిలినవాళ్లు కువైట్, దుబాయ్, డల్లాస్‌లలో. పార్టీలు, కులం, కృష్ణా నీళ్లు, దేవుడు, హీరోలు, ఏది మొదలైనా చివరికి "నువ్వు వాళ్ల మనిషివి" దగ్గరే తేలుతోంది. రోజుకి 300 మెసేజ్‌లు వస్తాయి, రాసేది మాత్రం పన్నెండు మంది. ఈ మధ్య 27 మంది చడీచప్పుడు కాకుండా వెళ్లిపోయారు, వాళ్లలో కొందరు పోటీ గ్రూపు పెట్టుకున్నారు. "రాజకీయాలు నిషేధం" అని రెండుసార్లు పెట్టాం. నాలుగు రోజులు ఆగుతారు, ఐదో రోజు ఎవరో ఒకరు పుల్ల పెడతారు.

అడగాలనుకున్నవి మూడు. నిషేధం మంచిదా, వాదనలకి వేరే గది మంచిదా? వెళ్లిపోయినవాళ్లని పిలవడం ఎలా? అవతలివాడు అలా ఎందుకు అనుకుంటున్నాడో ఆన్‌లైన్‌లోనే అర్థం చేసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

"అందరం కలిసిమెలిసి ఉండాలి" లాంటివి వద్దండి, అవి గుడ్ మార్నింగ్ ఫొటోల మీద రోజూ వస్తున్నాయి. ఏ మీట నొక్కాలి, ఎంతమందితో, ఎంతసేపు, అది చెప్పండి చాలు.

---

సెట్టింగ్స్_సుబ్బయ్య

నిషేధం ఐదో రోజుకి విరగడంలో వింత లేదు. వద్దన్న మాట ఎక్కడికి పోవాలో మీరు చోటు చూపించలేదు. చెత్తకి చోటు చూపించకపోతే వాకిట్లోనే పడేస్తారు.

ముందు చాట్‌ని మీడియా లేకుండా ఎక్స్‌పోర్ట్ చేయండి. మామూలు టెక్స్ట్ ఫైలే వస్తుంది. ఒక నెల మెసేజ్‌లు తీసుకుని, ఎవరు ఎన్ని రాశారు, ఏ గంటలో రాశారు అని లెక్కపెట్టండి. తగవు దాదాపు ఎప్పుడూ ఒకే రెండు మూడు గంటల్లో, ఒకే నలుగురైదుగురి మధ్య నడుస్తుంది. ఆ లెక్క చేతిలో ఉంటే "గ్రూపంతా చెడిపోయింది" అనే బెంగ సగం పోతుంది. పేర్లతో సహా గ్రూపులో మాత్రం పెట్టకండి, అదే కొత్త తగవవుతుంది.

తర్వాత వాట్సాప్‌లో కమ్యూనిటీ మొదలుపెట్టండి, అంటే కొన్ని గ్రూపులని ఒకే గొడుగు కిందికి తెచ్చే ఏర్పాటు. పాత గ్రూపుని చెరపొద్దు, దాన్నే కమ్యూనిటీలోకి చేర్చండి. పాత ఫొటోలూ కబుర్లూ అలాగే ఉంటాయి. కమ్యూనిటీ మొదలుపెట్టగానే అనౌన్స్‌మెంట్ గ్రూపు దానంతటదే వస్తుంది, అందులో రాసేది అడ్మిన్లే. పెళ్లిళ్లు, చావుకబుర్లు, రక్తం కావాలనే విన్నపాలు, కలుసుకునే తేదీలు అందులోకి. పాత గ్రూపు కబుర్లకి. మూడోది వాదనలకి, పేరు రచ్చబండ అనుకోండి. ఈ మూడోదాంట్లో ఎవర్నీ మీరు చేర్చకండి. లింకు పెట్టి వదిలేయండి, కావలసినవాళ్లే వస్తారు. తనంతట తాను గుమ్మం దాటి వచ్చినవాడు వాదనకి సిద్ధపడి వస్తాడు. పొద్దున్నే టీ తాగుతూ ఫోను తెరిచినవాడి ముందు అదే వాదన పడితే అతనికి మంట.

తిరకాసు ఒకటుంది. కమ్యూనిటీ నుంచి తీసేస్తే మనిషి అన్ని గదుల్లోంచీ పోతాడు. రచ్చబండలో హద్దు దాటినవాణ్ణి రచ్చబండ గ్రూపులోంచి మాత్రమే తీయాలి. ఎంత కోపం వచ్చినా చావుకబురు అందకుండా చేయకూడదు.

వేగం తగ్గించడం తర్వాతి పని. వాట్సాప్‌లో దీనికి నేరుగా మీట లేదు. టెలిగ్రామ్‌లో స్లో మోడ్ ఉంది, ఒక మెసేజ్‌కీ తర్వాతి మెసేజ్‌కీ మధ్య కొన్ని సెకన్ల నుంచి గంట దాకా విరామం పెట్టొచ్చు. రచ్చబండని అక్కడ పెడితే 15 నిమిషాలు సరిపోతుంది. ఒక్క ముక్కలో తిట్టేవాడు కూడా, పావుగంటకి ఒక్క అవకాశమే అంటే నాలుగు వాక్యాలు కూడబెట్టుకుని రాస్తాడు. అడ్మిన్లకి ఈ పట్టింపు వర్తించదు కాబట్టి మీరే ఎక్కువ రాయకుండా చూసుకోండి. వాట్సాప్‌లోనే ఉండాలంటే, మీ లెక్కలో తేలిన ఆ రెండు మూడు గంటలు "అడ్మిన్లు మాత్రమే" అని మార్చి, మళ్లీ తెరవాలి. చేత్తో చేయాలి, అలారం పెట్టుకోండి. రాత్రంతా మూసేస్తే డల్లాస్ వాళ్లకి అది పగలు, తమని బయట నిలబెట్టారని అనుకుంటారు.

ఫార్వర్డులకి ఒకటే నియమం పెట్టండి. రెండు బాణాల గుర్తు ఉన్నది ఏదైనా సరే, ఎవరి పక్షమైనా సరే, తీసేయడమే. ఆ గుర్తు ఉందంటే అది ఐదు, అంతకన్నా ఎక్కువ చేతులు మారి వచ్చిందని. వాట్సాపే దాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కి మించి పంపనివ్వదు. అడ్మిన్‌కి ఎవరి మెసేజ్‌నైనా అందరికీ తీసేసే వీలుంది. విషయం చూసి తీస్తే పక్షపాతం అంటారు, బాణాలు చూసి తీస్తే అనలేరు. కాపీ చేసి అతికిస్తే గుర్తు పోతుంది, నిజమే. అప్పుడు "నీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయి" అనండి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఈ నియమాల మీద వాట్సాప్ పోల్ పెట్టకండి. ఎవరు దేనికి ఓటేశారో పేర్లు కనబడతాయి, ఓటింగే పార్టీ జాబితా అయిపోతుంది. గూగుల్ ఫారమ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపేసి మూడు ప్రశ్నలు అడగండి.

వెళ్లిపోయినవాళ్ల సంగతి. సభ్యుల జాబితా చివర గత 60 రోజుల్లో వెళ్లినవాళ్ల పేర్లు దొరుకుతాయి, గడువు దాటకముందే రాసిపెట్టుకోండి. చెప్పకుండా మళ్లీ చేర్చడం మహా తప్పు. ఒక్కొక్కరికీ ఫోను చేసి, కమ్యూనిటీ లింకు ఇచ్చి, అనౌన్స్‌మెంట్ గ్రూపులో మాత్రం ఉండమనండి, మిగతా గదులు వాళ్లిష్టం. ఫోను చేసేది వాళ్లతో గొడవపడని అడ్మిన్ అయితేనే ఫలితం.

ముగ్గురు అడ్మిన్లూ ఒకే పక్షం వాళ్లయితే పైన చెప్పినదేదీ పనిచేయదు. నాలుగో అడ్మిన్‌గా అవతలి పక్షంలో నోరు మంచివాణ్ణి తెచ్చుకోండి.

---

చర్చాపేజీ

సుబ్బయ్య గారు గదులు కట్టారు. గదిలో మాట ఎలా నడవాలన్నదానికి తెలుగులోనే ఒక నమూనా ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా. అందరూ కూర్చుని మాట్లాడుకునే పేజీకి అక్కడ పేరు రచ్చబండే.

రాష్ట్ర విభజన మీద ఎదురెదురు అభిప్రాయాలున్నవాళ్లు కూడా ఒకే వ్యాసం మీద పనిచేయడానికి వీలుగా అక్కడ రెండు ఏర్పాట్లున్నాయి. ఒకటి, వ్యాసం వేరు, దాని చర్చ పేజీ వేరు. తగవు చర్చ పేజీలో, తేలిన మాట వ్యాసంలో. రెండు, తటస్థ దృక్కోణం. దీన్ని చాలామంది గోడ మీద పిల్లి వాటం అనుకుంటారు, కాదు. ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు, ఎక్కడ అన్నారు అనేది రాస్తే ఎంత ఘాటైన అభిప్రాయానికైనా చోటుంది. "కొందరు అంటున్నారు", "అందరికీ తెలిసిందే" అనే మాటలకి మాత్రం చోటు లేదు.

మీ గ్రూపులోకి దీన్ని తేవాలంటే ఒక్క అలవాటు చాలు. "ఫలానా ప్రభుత్వం రాష్ట్రాన్ని అప్పుల కుప్ప చేసింది" అని ఎవరైనా రాస్తే, మూడు ప్రశ్నలు. ఏ ఏడాది అంకె? ఎవరి లెక్క? అందులో ఏమేం కలిశాయి? అప్పుల తగవు చూడండి, ఇరుపక్షాలూ అంకెలు చూపిస్తాయి, రెండూ నిజమైనవే అయ్యుండొచ్చు. ఒకరు బడ్జెట్ పత్రాల్లోని అప్పు చెబుతారు. మరొకరు దానికి ప్రభుత్వం హామీ ఇచ్చి కార్పొరేషన్ల చేత తీయించిన అప్పుల్ని కలుపుతారు. ఒకరు రూపాయల్లో చెబితే మరొకరు రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో శాతంగా చెబుతారు. ధరలు పెరిగే దేశంలో రూపాయల అంకె ప్రతి ప్రభుత్వ హయాంలోనూ "చరిత్రలోనే అత్యధికం" అవుతుంది, అందులో వింతేమీ లేదు. ఆంధ్ర, తెలంగాణలని పోల్చేటప్పుడు 2014 పునర్విభజన చట్టం ప్రకారం ఉమ్మడి అప్పుని జనాభా నిష్పత్తిలో, అంటే 58.32, 41.68 వంతున పంచారన్నది మర్చిపోతే మొదటి అడుగే తప్పు. రిజర్వు బ్యాంకు ఏటా రాష్ట్రాల బడ్జెట్ల మీద వేసే అధ్యయనం, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు, రెండూ ఉచితంగా దొరుకుతాయి. ముందు "ఈ రెంటిలో ఏది చూద్దాం" అని ఒప్పుకున్నాకే వాదన మొదలుపెట్టాలి. ఆ ఒప్పందానికే రెండు రోజులు పడుతుంది, పట్టనివ్వండి.

ఇంగ్లిష్ వికీపీడియాలో మూడు తిరగమార్పుల నియమం అని ఒకటుంది. ఒకే పేజీలో అవతలివాళ్ల రాతని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పితే నిరోధం పడొచ్చు, నీ మాట నిజమైనా సరే. మీ రచ్చబండకి దీన్ని ఇలా మార్చుకోవచ్చు: ఒకే విషయం మీద ఒకే మనిషికి రోజుకి మూడు జవాబులు. నాలుగోది రేపు. తానే ఒప్పు అని గట్టిగా నమ్మేవాడికే ఈ నియమం కావాలి, తప్పు చేస్తున్నానేమోనన్న అనుమానం ఉన్నవాడు ఎలాగూ మూడు దాటడు.

తప్పుడు వార్త వచ్చినప్పుడు గ్రూపులో "ఇది ఫేక్" అని అరవకండి. పంపినవాడికి విడిగా, ఫ్యాక్ట్‌లీ లాంటి తెలుగు నిజనిర్ధారణ సైట్ల లింకుతో చెప్పండి. పంపిన రెండు రోజుల్లోపు అతనే అందరికీ డిలీట్ చేయొచ్చు. తనే తీసేస్తే పరువు నిలుస్తుంది. నలుగురిలో పట్టుబడితే ఆ అబద్ధాన్నే కాపాడుకోవాల్సిన గతి పడుతుంది.

---

పాతబడి_అడ్మిన్

రెండూ బాగున్నాయండి. ఒక అనుమానం. రచ్చబండలో ఒకవైపు వాళ్లే చేరితే? రెండోది, అవతలి పక్షం వీడియోలూ వ్యాసాలూ రోజూ అందరికీ చూపిస్తే దృష్టి విశాలమవుతుందని ఒక మిత్రుడి ఆలోచన. పనిచేస్తుందా?

---

గుండ్రబల్ల

రెండో ప్రశ్నకి ముందు. చేయదు, తిరగబడే అవకాశమే ఎక్కువ. అమెరికాలో క్రిస్ బెయిల్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం ట్విట్టర్ వాడేవాళ్లకి డబ్బిచ్చి, అవతలి పార్టీ పోస్టులు దానంతటదే పంచే ఖాతాని, అంటే బాట్‌ని, నెల రోజులు అనుసరించమంది, ఫలితాలు 2018లో వచ్చాయి. రిపబ్లికన్లు ఇంకా కుడివైపుకి జరిగారు. డెమొక్రాట్లు కాస్త ఎడమకి జరిగినట్టు కనిపించినా లెక్కలోకి తీసుకునేంత కాదు. అది వాళ్ల దేశం, వాళ్ల పార్టీలు. కానీ కారణం మనకీ తెలిసిందే. అవతలి పక్షం నుంచి నీ దాకా వచ్చేది వాళ్లలో గొంతు పెద్దవాళ్ల మాటే. అది వింటే "నేననుకున్నదే నిజం" అనిపిస్తుంది.

పనిచేసేది మనిషితో మాట. అదీ తక్కువ మందితో, ముందే ఒప్పుకున్న వరసలో. 2016 డిసెంబరులో, అధ్యక్ష ఎన్నికలు ముగిసిన నెలకే, ఒహాయోలోని సౌత్ లెబనాన్ అనే ఊళ్లో ట్రంప్ మద్దతుదారులు 10 మంది, క్లింటన్ మద్దతుదారులు 11 మంది ఒక వారాంతం కూర్చున్నారు. బ్రేవర్ ఏంజెల్స్ అనే సంస్థ అక్కడ పుట్టింది. పద్ధతి తయారుచేసింది బిల్ డోహర్టీ, కాపురాల తగవులు సర్దే చికిత్సకుడు. సరైన మనిషే దొరికాడు అనాలి.

ఆ పద్ధతిని వాట్సాప్ వాయిస్ కాల్‌కి సరిపడేలా ఇలా మార్చుకోండి. కాల్‌లో 32 మంది దాకా పడతారు, మీరు ఎనిమిది దాటకండి. ఇటు నలుగురు, అటు నలుగురు, కాక నడిపేవాడు ఒకడు. 75 నిమిషాలు. సంఖ్య సమానంగా లేకపోతే కాల్ వాయిదా వేయండి, మీ మొదటి ప్రశ్నకి జవాబు కూడా ఇదే. రచ్చబండ ఒకవైపుకి ఒరిగినా కాల్ ఒరగకూడదు. కాల్‌కి పిలవాల్సింది ఆ పన్నెండు మందిని కాదు, మిగతా 174 మందిలోంచి. గ్రూపులో ఎప్పుడూ రాయనివాళ్లని అడగండి, ఒప్పుకునేవాళ్లు అక్కడే ఎక్కువ.

మొదటి 20 నిమిషాలు ఒక పక్షం మాత్రమే తమలో తాము మాట్లాడుకుంటుంది. ప్రశ్న ఒకటే: "అవతలివాళ్లు మన గురించి ఏమనుకుంటున్నారు, అందులో తప్పేది, కాస్తయినా నిజమేది?" అవతలి నలుగురూ మైకు మ్యూట్. తర్వాత 20 నిమిషాలు తారుమారు. ఆ "కాస్తయినా నిజమేది" అన్న ముక్క వదిలేస్తే మిగిలేది సొంత డబ్బా. తమ నోటితో తమ పక్షం లోపం ఒకటి ఒప్పుకోవడం అవతలివాళ్లు వినడమే ఈ కాల్‌కి ప్రాణం.

తర్వాతి 25 నిమిషాలు ఒక్క విషయం. కృష్ణా నీళ్లే తీసుకోండి, మీ గ్రూపుకి సరిపోతుంది. మొదట అంకెలు, వాటి మీద తగవు లేదు: కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రైబ్యునల్ ప్రకారం ఉమ్మడి రాష్ట్రానికి లెక్కకొచ్చినవి 811 టీఎంసీలు, 2015 తాత్కాలిక ఏర్పాటులో ఆంధ్రప్రదేశ్‌కి 512, తెలంగాణకి 299. ఇక్కడిదాకా అందరూ ఒకటే. తర్వాత కొలబద్ద వేరవుతుంది. నది పారే నేల ఎవరిదెంతో చూసి పంచాలని ఒకరు, ఇప్పటికే కట్టిన ప్రాజెక్టుల కింద పారుతున్న ఆయకట్టుని కాపాడాలని ఇంకొకరు. రెండూ న్యాయం అనే మాటకి రెండు అర్థాలు. ఆ తర్వాత భయం. పాలమూరులో ఎండిన బోరు ఒకరిది, డెల్టా చివరి భూములకి నీరందని భయం మరొకరిది. అంకె, కొలబద్ద, భయం, ఈ మూడింటినీ విడివిడిగా మాట్లాడించండి. గ్రూపులో తగవు రగిలేది ఎందుకంటే ఒకడు అంకె అడుగుతుంటే రెండోవాడు భయంతో జవాబిస్తాడు, మూడోవాడు కొలబద్ద మార్చేస్తాడు.

మాట అందుకునే ముందు అవతలివాడు చెప్పింది వాడు "అవును, అదే అన్నాను" అనేలా తిరిగి చెప్పాలి. మూడుసార్లు ప్రయత్నించినా రాకపోతే వదిలేసి ముందుకెళ్లండి, పరీక్ష పెట్టినట్టు చేయకండి. చివరి 10 నిమిషాలు తలా ఒక వాక్యం: కొత్తగా తెలిసింది ఏమిటి. "మనసు మారిందా" అని అడగకండి, ఆ ప్రశ్న అడిగితే వచ్చేసారి ఎవరూ రారు.

చెడేది ఎక్కడంటే, ఎవరో కాల్ రికార్డు చేసి ముక్క కోసి స్టేటస్ పెడతారు. మొదటి నిమిషంలోనే రికార్డింగ్ వద్దని అందరి నోటా "సరే" అనిపించండి. నడిపేవాడు జడ్జీ అయిపోవడం మరో తెగులు. అతని చేతిలో గడియారం ఉంటే చాలు, అభిప్రాయం ఉండకూడదు. పోలింగు ముగిసే ముందరి 48 గంటల్లో అసలు పెట్టకండి. ప్రచారమే ఆగిపోయే గడువది, మనమెందుకు ఎత్తుకోవాలి.

మాట కాకుండా రాతే కావాలంటే రెడిట్‌లో 2013లో మొదలైన చేంజ్ మై వ్యూ అనే చర్చావేదిక నియమాలు చూడండి. అభిప్రాయం పెట్టేవాడు కనీసం 500 అక్షరాల్లో కారణం రాయాలి, మూడు గంటల్లోపు జవాబులకి స్పందించాలి. కాస్తయినా ఆలోచన మారితే, ఎందుకు మారిందో చెప్పి ఆ మార్చినవాడికి డెల్టా (Δ) గుర్తు ఇవ్వాలి. ఓడినవాడు కాదు, మారినవాడే అక్కడ ఆట నడిపిస్తాడు. మీ రచ్చబండలో డెల్టా బదులు మామిడికాయ ఎమోజీ పెట్టుకున్నా పనిచేస్తుంది.

---

కొంచెం_ఘాటు

సుబ్బయ్య గారూ, మీటల గురించి చెప్పినదంతా ఒప్పే. "చెత్త" అన్న పోలిక మాత్రం వెనక్కి తీసుకోండి. పింఛను ఆగినవాడికీ, పొలం రోడ్డు కింద పోయినవాడికీ రాజకీయం చెత్త కాదు, ఇంటి సంగతి. "రాజకీయాలు వద్దు" అని ముందుగా అనేది ఎప్పుడూ ఇప్పుడున్న ఏర్పాటుతో ఇబ్బంది లేనివాళ్లే.

ఇంకో సంగతి. కులం పేరుతో తిట్టడం, ఒక మతం వాళ్లని పురుగులతో పోల్చడం అభిప్రాయభేదం కింద రాదు. దానికి గుండ్రబల్లా వద్దు, 75 నిమిషాలూ వద్దు. అడ్మిన్ వెంటనే తీసేయాలి, ఆ మనిషికి విడిగా ఒకసారి చెప్పాలి, రెండోసారి రచ్చబండ నుంచి పంపాలి. తిట్టు పడ్డవాణ్ణి "నువ్వూ కాస్త సర్దుకో" అనకండి. వెళ్లిపోయిన 27 మంది జాబితా ఓసారి ఈ కంటితో చూడండి. ఆడవాళ్లు ఎంతమంది, తక్కువ సంఖ్యలో ఉన్న కులాలూ మతాల వాళ్లు ఎంతమంది? ఆ వంతు గ్రూపులో ఉండే వంతుకన్నా ఎక్కువగా ఉంటే మీది పార్టీల తగవు కాదు, వేరే జబ్బు. దానికి మందు వేరు.

అడ్మిన్ల భయం గురించి కూడా ఒక మాట. సభ్యుడు పెట్టిన పోస్టుకి, అడ్మిన్ అన్న ఒక్క కారణంతో నేరం అంటగట్టలేమని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. కూడబలుక్కుని చేస్తే వేరే సంగతి. ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలని నేరం చేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది కాబట్టి ఏమన్నా రాయొచ్చని కొందరి ధీమా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడానికి 196, జనాన్ని రెచ్చగొట్టే తప్పుడు ప్రచారానికి 353 సెక్షన్లున్నాయి. "నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అన్న సాకుని నమ్ముకోకండి.

---

సెట్టింగ్స్_సుబ్బయ్య

పోలిక వెనక్కి తీసుకున్నా. చోటు చూపించాలన్న మాట మాత్రం ఉంచుతా.

---

పుటల_పురుగు

ఇంతసేపూ వాదన ఎలా చేయాలనే చెప్పారు. వాదనతో సంబంధం లేని పని ఒకటి చేతిలో పెట్టకపోతే ఇవేవీ ఆరు నెలలు దాటవు. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పింది ఇదే. ఎడమొహం పెడమొహంగా ఉన్న వర్గాలు ఊరికే కలిస్తే చాలదు, సమాన హోదా, ఉమ్మడి గురి, కలిసి చేసే పని, పైవాళ్ల అండ ఉండాలన్నాడు. బ్యాచ్ గ్రూపులో సమాన హోదా ముందే ఉంది, అందరూ ఒకే మాస్టారి చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్లే. లేనిది పని.

సులువైనది తెలుగు వికీసోర్స్. కాపీహక్కులు తీరిపోయిన పాత పుస్తకాల స్కాన్లు అక్కడుంటాయి. ఎడమవైపు యంత్రం చదివిన అక్షరాలు, కుడివైపు పుట బొమ్మ. చూసి దిద్దాలి. యంత్రం తెలుగులో ఎక్కువగా తడబడేది ఒత్తుల దగ్గర, బండి ఱ దగ్గర, అరసున్న దగ్గర, ఘ, ఝ లాంటి అరుదైన అక్షరాల దగ్గర. దిద్దని పుట ఎరుపు, ఒకరు దిద్దాక పసుపు, రెండో మనిషి మళ్లీ సరిచూశాక ఆకుపచ్చ. పసుపు చేసినవాడే ఆకుపచ్చ చేయలేడు, వ్యవస్థే ఒప్పుకోదు. ఇక్కడే మీకు కావలసినది దొరుకుతుంది. ఇద్దరిద్దరిని జతచేయండి, ఒకరు ఇటువైపు, ఒకరు అటువైపు. ఒకడి పుటని ఇంకొకడు ఆకుపచ్చ చేయాలి. "నీ పుటలో మూడో వరసలో అరసున్న పోయింది" అని చెప్పుకోవడం మొదలయ్యాక "నువ్వు వాళ్ల మనిషివి" అనడం కష్టం.

కొలత: కొత్తవాళ్లకి పుటకి 15 నుంచి 25 నిమిషాలు వేసుకోండి. వారానికి తలా రెండు పుటలు చాలు. 80 పుటల్లోపు చిన్న పుస్తకం ఎంచుకోండి. పది మంది ఉంటే దిద్దడానికి నాలుగు వారాలు, సరిచూడటానికి దాదాపు అంతే. పెద్ద కావ్యంతో మొదలుపెడితే పదో పుట దగ్గర వదిలేస్తారు. పద్యాలున్న పుస్తకం మొదటే వద్దు, వరసల అమరికకే ఓపిక అయిపోతుంది. ఖాతా లేకుండా దిద్దితే రంగు మార్చే వీలుండదు, కాబట్టి మొదటి రోజు పని ఖాతాలు తీయించడమే.

చదువు గోల ఇష్టంలేనివాళ్లకి రక్తదాతల జాబితా. ఒక షీటు: పేరు, గ్రూపు, ఊరు, చివరిగా ఇచ్చిన తేదీ. మగవాళ్లకి 90 రోజులు, ఆడవాళ్లకి 120 రోజులు దాటాకే మళ్లీ పిలవాలి, ఆ తేదీ షీటే లెక్కగట్టేలా పెట్టండి. అనౌన్స్‌మెంట్‌లో విన్నపం పెట్టేటప్పుడు ఆసుపత్రి, ఊరు, గ్రూపు, ఎన్ని యూనిట్లు, తోడున్నవారి ఫోను, పెట్టిన తేదీ, గంట ఉండాలి. రక్తం దొరకగానే అదే మెసేజ్‌కి "దొరికింది, ఫోన్లు వద్దు" అని జవాబు పెట్టాలి. తేదీ లేని విన్నపం రెండేళ్ల తర్వాత కూడా తిరుగుతూనే ఉంటుంది, ఆ ఇంట్లోవాళ్లని పాపం ఎప్పటికీ ఎవరో ఒకరు నిద్రలేపుతారు.

ఒక హెచ్చరిక. పని గదిలోకి వాదన రానివ్వకండి, వాదన గదిలో పని గొప్పలు చెప్పనివ్వకండి. "మా వాళ్లు 30 పుటలు చేశారు, మీవాళ్లెన్ని" అనే మాట వచ్చిందంటే జతలు మార్చేయండి.

---

పాతబడి_అడ్మిన్

చాలా థాంక్స్ అండి అందరికీ. ఈ వారం చాట్ ఎక్స్‌పోర్ట్, నాలుగో అడ్మిన్. వచ్చే వారం కమ్యూనిటీ, ఫోన్లు. ఘాటు గారు చెప్పినట్టు 27 మంది జాబితా కూర్చుని చూశాం. పదకొండు మంది ఆడవాళ్లే. గ్రూపులో వాళ్లు అయిదో వంతు కూడా లేరు. అక్కడే మొదలుపెడతాం.

మొదటి కాల్ ఆదివారం ఇండియాలో రాత్రి 8:30కి అనుకుంటున్నాం. అందరికీ కుదురుతుందా?

---

గుండ్రబల్ల

కుదురుతుంది. అప్పుడు కువైట్‌లో సాయంత్రం 6, దుబాయ్‌లో 7, డల్లాస్‌లో ఉదయం 10. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా డల్లాస్‌లో 9 అవుతుంది, మెసేజ్‌లో మూడు ఊళ్ల టైములూ రాయండి. కువైట్‌లో చాలామందికి ఆదివారం పనిరోజు, శుక్రవారం సెలవు. ఆరింటికి ఇంకా బస్సులోనే ఉంటారు, వాళ్లని ముందే అడగండి.

ఒకటి మారుస్తా. ఆ పదకొండు మందికి ఫోను చేసేది మగ అడ్మిన్ కాకుండా చూసుకోండి. ఆడవాళ్లలో అడ్మిన్ ఎవరూ లేకపోతే నాలుగో అడ్మిన్ సంగతి మళ్లీ ఆలోచించండి.